నాకేమీ అనిపించడం లేదు, దేవుని ప్రేమ గురించి ఏం చెప్పను?

పర్లాకిమిడి నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దని కోరారు. ఊరివాళ్లు గుర్తుపట్టగల వివరాలు కొన్ని నేనే తీసేశాను. ఆమెకు నలభై ఆరేళ్లు. భర్త కిడ్నీలు చెడిపోయి, మూడేళ్లు డయాలసిస్ మీద ఉండి, రెండేళ్ల కిందట చనిపోయారు. సోమవారం, గురువారం తెల్లవారుజామున మూడున్నరకు లేచి, టిఫిను కట్టుకుని, సరిహద్దు దాటి ఆంధ్ర వైపు ఉన్న ఆసుపత్రికి ఆయనను ఆమే తీసుకువెళ్లేవారు. చెరువు కింద ఉన్న ముప్పై సెంట్ల భూమి ఆ మూడేళ్లలోనే అమ్ముడైపోయింది. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసింది. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆయన తల మీద చెయ్యి ఉంచి స్వస్థత జరిగిపోయిందని ప్రకటించాడు. ఐదు నెలల తరువాత ఆయన పోయినప్పుడు అదే మనిషి ఆదరణ కూడికలో నిలబడి, ఆ ఇంట్లో ఎవరి విశ్వాసమో తక్కువైందని అన్నాడట.

ఆమె పందొమ్మిదేళ్లుగా సండే స్కూలు నడుపుతున్నారు. వచ్చే నెల స్త్రీల సమాజం కూడికలో ‘దేవుని ప్రేమ లోతు’ అనే అంశం మీద సాక్ష్యం చెప్పమని పాస్టరు అయ్యగారి భార్య అడిగారు. “కష్టం చూసినదానివి, నువ్వు చెబితేనే అందరి గుండెకూ తాకుతుంది” అన్నారట. కాదనలేక ఈమె తల ఊపి వచ్చేశారు. “పాట పాడుతుంటే నోరు మాత్రమే కదులుతోంది. నాకేమీ అనిపించడం లేదు. ఆయన మంచాన ఉన్న మూడో ఏడు కూడా ఇలాగే ఉండేది. ప్రేమా లేదు, జాలీ లేదు, విసుగు తప్ప ఏమీ లేకుండా లేచి తీసుకువెళ్లేదాన్ని. పిల్లలకు యేసయ్య ప్రేమ నేర్పుతూ నేను అబద్ధమాడుతున్నానా?” అని అడుగుతున్నారు. ప్లస్ టూ చదువుతున్న కొడుకు చర్చికి రావడం మానేశాడు. “నాన్నను కాపాడని దేవుడు నిన్ను మాత్రం ప్రేమిస్తున్నాడా అమ్మా?” అని ఒకరోజు అన్నం తింటూ అడిగాడు. అత్తగారేమో తన కొడుకు మీద దేవుడికి ప్రేమ ఎక్కువై తీసుకుపోయాడని రోజుకొకసారైనా అంటున్నారు. ఆ మాట వినలేక ఈమె పెరట్లోకి వెళ్లిపోతున్నారు. ఇప్పటికీ సోమ, గురువారాల్లో మూడున్నరకే మెలకువ వస్తోందని, ఒక్కోసారి అసలు తెల్లవారకపోతే బాగుండుననిపిస్తోందని చివరి పేజీలో రాశారు. అదే పేజీ అంచున, సండే స్కూలు పాప ఒకతె అడిగిన ప్రశ్న పెన్సిలుతో రాసి ఉంది.

అమ్మా, మీ చివరి పేజీ దగ్గరే మొదలుపెడతాను. తెల్లవారకపోతే బాగుండుననే మాటను మీరు ఒక్క వాక్యంలో రాసి దాటిపోయారు, కానీ నేను దాటలేను. అది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న కాకముందే ఒంటికి, నిద్రకు, తిండికి సంబంధించిన ప్రశ్న. రెండేళ్లుగా సరిగా నిద్రలేని మనిషికి దేవుని ప్రేమే కాదు, కన్నకొడుకు ప్రేమ కూడా మసకగానే కనిపిస్తుంది. ఈ వారంలోనే ఒక డాక్టరుకు ఈ మాట యథాతథంగా చెప్పండి. ఊళ్లో చెప్పుకోవడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీ మానస్ వాళ్ల 14416 నంబరుకు ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ప్రార్థన ఉండగా మందెందుకని ఎవరైనా అంటే, మూడేళ్లు డయాలసిస్ చేయించింది కూడా ప్రార్థన చేసే ఇల్లేనని వాళ్లకు గుర్తుచేయండి. మిగిలిన నా సమాధానమంతా మీరు ఈ పని చేస్తారన్న నమ్మకంతో రాస్తున్నాను.

మీ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను. అందులో నాలుగు బాధలు ఒకే ముడిగా పడిపోయి ఉన్నాయి. భర్త లేని లోటు ఒకటి, ఆ ప్రసంగీకుడి మీద కోపం ఒకటి, అబ్బాయి చెయ్యి జారిపోతున్నాడన్న భయం ఒకటి, దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడా అన్న సందేహం ఒకటి. మీరు నాలుగింటికీ కలిపి సందేహమనే పేరు పెట్టారు. నాకు అలా కనిపించడం లేదు. మీలో సందేహం పావు వంతు ఉంటే ఉండవచ్చు, మిగిలిన ముప్పావు ఇంకా ఏడ్చి ముగించని ఏడుపు.

ముందు ఆ ప్రసంగీకుడి సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఆయనకు మీ ఉత్తరంలో అర్హతకు మించిన చోటు దొరికింది. విశ్వాసం తక్కువైతే రోగి చనిపోతాడన్నది ఆయన సొంత లెక్క. పౌలు చేతుల మీదుగా ఎందరో స్వస్థపడ్డారని చెప్పే కొత్త నిబంధనలోనే, తిమోతికి రాసిన రెండో పత్రిక చివర, తన తోటి పనివాడైన త్రోఫిము రోగియై ఉంటే అతన్ని మిలేతులో విడిచి వచ్చానని ఆ పౌలే రాశాడు. ఎవరి విశ్వాసం తక్కువైందో ఆయన విచారణ జరపలేదు. పిల్లలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడిపోయారు. ఆ గ్రంథం చివర దేవుడు, నన్ను గూర్చి నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు యుక్తమైనది పలకలేదని కోపపడింది ఆ స్నేహితుల మీదనే. అంతవరకూ దేవుణ్ణి నిలదీసింది యోబు, వెనకేసుకొచ్చింది స్నేహితులు. ఎవరి పక్షాన తీర్పు వచ్చిందో చూడండి. మీరు చేయదగిన పని ఇక్కడ ఒకటుంది: జరిగినదంతా అయ్యగారికి ఏకాంతంగా చెప్పడం. అందువల్ల ఆయన నొచ్చుకోవచ్చు, ఆ ప్రసంగీకుణ్ణి పిలిచిన పెద్దలు మీ మీద ముఖం ముడుచుకోవచ్చు. చెప్పకపోతే అదే మనిషి మళ్లీ వస్తాడు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానానికి ఇంత దగ్గరలో ఉన్న మీ ప్రాంతంలో డయాలసిస్ మీద ఉన్నది మీ ఇంటాయన ఒక్కరే కాదు. స్వస్థత జరిగిపోయిందన్న మాట నమ్మి ఎవరైనా ఒక్క వారం ఆసుపత్రి మానేస్తే ఏమవుతుందో మీకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇక అసలు ప్రశ్న. ‘దేవుని ప్రేమ లోతు’ అన్న మాట ఎఫెసీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం నుంచి వచ్చింది. క్రీస్తు ప్రేమ వెడల్పు, పొడుగు, లోతు, ఎత్తు ఎంతో గ్రహించుకోవాలని పౌలు అక్కడ రాస్తాడు. ఈ వచనాన్ని మన కూడికల్లో ఒక ప్రకటనలాగా చదువుతారు. అది ప్రకటన కాదు, ప్రార్థన. ఖైదీగా ఉన్న మనిషి మోకాళ్లూని, తన కోసం కాకుండా దూరాన ఉన్న ఇంకొకరి కోసం చేసిన ప్రార్థన. అందులో మీరు గమనించవలసినవి రెండున్నాయి. ఆ లోతును గ్రహించడానికి వాళ్లకు శక్తి కావాలని ఆయన అడుగుతున్నాడు, అంటే శక్తి ఉడిగిపోయినవాళ్లకు అది అందకపోవచ్చునని ఆయనకు తెలుసు. రెండోది, ‘సమస్త పరిశుద్ధులతో కూడ’ అంటున్నాడు. ఒక్క మనిషి ఒంటరిగా కూర్చుని తన గుండెలో కొలుచుకోగలిగే లోతు కాదది. మీకు అందని రోజున మీ పక్కన కూర్చున్నామె పట్టుకుని ఉంటుంది, ఆమె చెయ్యి జారిన రోజున మీరు పట్టుకుంటారు. పందొమ్మిదేళ్లు మీరు పట్టుకున్నారు. ఇప్పుడు మీ వంతు కాదేమో.

లోతు అంటే మనం సాధారణంగా ఎంత గట్టిగా అనిపిస్తోందన్న అర్థంలోనే తీసుకుంటాం. పాట పాడుతుంటే కన్నీళ్లు వస్తే లోతుగా ఉందంటాం. క్రైస్తవ విశ్వాసం ఆ మాటను వేరే దిక్కున చూపిస్తుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం చెప్పే క్రమం చూడండి: క్రీస్తు దేవునితో సమానంగా ఉండడాన్ని వదులుకుని, తన్ను తాను రిక్తునిగా చేసుకుని, దాసుడై, మనిషై, మరణం దాకా, అందులోనూ సిలువ మరణం దాకా దిగిపోయాడని. అక్కడ లోతును కొలిచేది అనుభూతితో కాదు, ఎంత కిందికి దిగాడన్నదానితో. ఆ దిగడంలో అట్టడుగున వినబడే మాట కూడా సంతోషపు మాట కాదు. నన్నెందుకు చెయ్యి విడిచావన్న కేక. అది ఇరవై రెండో కీర్తన మొదటి పంక్తి. మీ కొడుకు అన్నం ముందు కూర్చుని అడిగిన ప్రశ్నకు ఆ కేకకు పెద్ద దూరం లేదు.

ఇది వాదనగా ఒప్పుకోవడానికి కూడా మీకు ఓపిక లేదని నాకు తెలుసు. అందుకని మీ ఉత్తరంలోని మాటనే మీ ముందు పెడతాను. మూడో ఏడు ప్రేమా లేదు, జాలీ లేదు, విసుగు తప్ప ఏమీ లేకుండా లేచి తీసుకువెళ్లానని రాశారు. వారానికి రెండు సార్ల చొప్పున మూడేళ్లంటే మూడు వందలకు పైగా తెల్లవారుజాములు. వాటిలో చివరి వంద మీరు ఏ భావమూ లేకుండానే లేచారు. మీ ఆయన్ని అడగగలిగితే, ఆ చివరి ఏడాది తన భార్య తనను ప్రేమించలేదని అంటారా? ఆటోలో ఆయన తల మీ భుజం మీద ఆనినప్పుడు మీ మనసులో ఏముందో ఆయనకు తెలియదు, భుజం ఉందని తెలుసు. భావం ఎండిపోయాక కూడా నడిచిన ఆ ప్రేమను ప్రేమ కాదని మీరనలేరు. అయితే మీకేమీ అనిపించడం లేదన్న కారణంతో దేవుని వైపు నుంచి ప్రేమ లేదని మాత్రం ఎలా తేలుతుంది? వేసవిలో ఏరు ఎండితే ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడుకుంటాం కదా, ఇదీ అంతే అని రాయబోయి ఆగాను. ఎండిన ఏటిలో నిలబడ్డ మనిషికి చెలమ గురించి చెప్పడం తేలిక, తవ్వడానికి చేతుల్లో బలం ఉండాలి. ఆ పోలిక మీకు పనికిరాకపోతే వదిలేయండి.

లాజరు ఊరైన బేతనియ కథ మాత్రం వదలవద్దు. యోహాను సువార్త పదకొండో అధ్యాయంలో, యేసు మార్తను, ఆమె సహోదరిని (అంటే మరియను), లాజరును ప్రేమించాడని ఒక వచనం చెబుతుంది. వెంటనే తరువాతి వచనం, లాజరు రోగియై ఉన్నాడని విని కూడా ఆయన ఉన్నచోటనే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడని చెబుతుంది. ప్రేమా, రాకపోవడమూ పక్కపక్కనే ఉన్నాయి. సువార్తికుడు వాటి మధ్య గోడ కట్టి మనల్ని ఓదార్చలేదు. యేసు వచ్చేసరికి లాజరు సమాధిలో నాలుగు రోజులుగా ఉన్నాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ వేరువేరుగా ఎదురువచ్చి ఒకే మాట అన్నారు: నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాడు. అది ఫిర్యాదే. ఆయన ఇద్దరిలో ఎవరినీ గద్దించలేదు. మార్తతో పునరుత్థానం గురించి మాట్లాడాడు, మరియకు ఏ వివరణా ఇవ్వకుండా కన్నీళ్లు విడిచాడు. ఒకే ఇంట్లో, ఒకే చావుకు, ఒకే మాటకు రెండు రకాల జవాబులు. ఎవరికి ఏది కావాలో ఆయనకు తెలిసినట్టుంది, మనకే ఆ తేడా తెలియక మరియలందరికీ మార్త జవాబు వల్లెవేస్తుంటాం.

లాజరు లేచాడు కదా, మా ఆయన లేవలేదు కదా అని మీరంటారు. నిజమే. ఆ కథ ముగింపును మీకు చెప్పడానికి నాకు నోరు రాదు, నేను చెప్పేది మధ్యలోని నాలుగు రోజుల గురించి. ఆ నాలుగు రోజులూ ఆ ఇద్దరు ఆడవాళ్లూ ప్రేమింపబడుతూనే ఉన్నారని సువార్త అంటుంది, వాళ్లకు మాత్రం ఆ సంగతి ఏ విధంగానూ తెలియదు. మీరు ఇప్పుడున్నది ఆ నాలుగు రోజుల్లో. మీకు అవి రెండేళ్లు దాటాయి. క్రైస్తవ నిరీక్షణ వాటి తరువాత ఇంకో రోజు ఉందని చెబుతుంది, ఆ మాట నేను నమ్ముతాను, కానీ అది రేపే తెల్లవారుతుందని మీకు హామీ ఇవ్వను.

సాక్ష్యం విషయంలో మీ ముందు దారులున్నాయి, దేనికి దాని ఖరీదుంది. అందరూ ఎదురుచూస్తున్న సాక్ష్యమే చెప్పవచ్చు. కష్టంలో దేవుడు తోడున్నాడు, ఆయన ప్రేమ అపారం అని పది నిమిషాలు మాట్లాడితే కూడికలో అందరూ కళ్లు తుడుచుకుంటారు. ఆ రాత్రి మీరు పెరట్లో నిలబడి నన్ను నేను అమ్ముకున్నానని అనుకుంటారు. ఆ మాటలు ఎవరి నోటనైనా మీ అబ్బాయి చెవిన పడితే, అమ్మ కూడా నటిస్తోందన్న నిశ్చయానికి వస్తాడు. ఈ ఒక్క కారణం చాలు, ఈ దారి నాకు నచ్చదు. ఒప్పుకోకుండా తప్పుకోవచ్చు. “అమ్మగారూ, ఈసారి నా వల్ల కాదు, వాక్యం చదవమంటే చదువుతాను” అంటే సరిపోతుంది, కారణం చెప్పనక్కరలేదు. నాలుగు రోజులు గుసగుసలుంటాయి. వాటికి మీరు కొత్త కాదు. తప్పుకోవడంలో తప్పు లేదు, కాకపోతే మీలోని మాట మీలోనే ఇంకొంత కాలం ఉండిపోతుంది.

ఉన్నదున్నట్టు చెప్పే దారి కూడా ఉంది. చెప్పదలిస్తే కాగితం మీద రాసుకుని, ఐదు నిమిషాలు మించకుండా చెప్పండి. ఎనభై ఎనిమిదో కీర్తన చదవండి. చీకటే తన బంధువర్గమైపోయిందన్న మాటతో ఆగిపోయే కీర్తన అది, చివర స్తుతి లేదు, అయినా సంఘం కలిసి పాడడానికి కోరహు కుమారుల కీర్తనల్లో చేర్చి ఉంచారు. చదివి, నేను ఇప్పుడు ఇక్కడున్నాను, నా కోసం మీరు ప్రార్థించండి అని కూర్చోండి. ఇది చాలామందికి మింగుడుపడదు. విశ్వాసభ్రష్టత్వమని ఒకరిద్దరు అనవచ్చు, అయ్యగారి భార్య లేచి మీ మాటను సవరించవచ్చు. కూడిక ముగిశాక గుమ్మం దగ్గర ఒకామె మీ చెయ్యి పట్టుకుని, నాకూ అంతే వదినా అనవచ్చు. అనకపోనూ వచ్చు. ఆ ఆశతో మాత్రం చెప్పవద్దు. సాక్ష్యమంటే సంతోషమే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. మీ ప్రాంతపు బిడ్డ, 19వ శతాబ్దంలో తెలుగు క్రైస్తవ కీర్తనలకు పునాది వేసిన పురుషోత్తమ చౌదరి గారి పాటల్లో మనం ఇప్పటికీ పాడుకునేవాటిలో ఒకటి ‘త్రాహిమాం’ అని మొదలవుతుంది. నన్ను రక్షించు అని దాని అర్థం. అది దరి చేరిన మనిషి పాట కాదు.

సండే స్కూలు సంగతి వేరు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మీరు మీ గుండెలో ఏముందో ప్రకటించడం లేదు, సంఘం నమ్మేదాన్ని అందిస్తున్నారు. వానలు పడని ఏడు కూడా బడిలో పంతులు ఋతుపవనాల పాఠం చెబుతాడు. అతను అబద్ధమాడుతున్నాడని ఎవరూ అనరు. కాబట్టి అబద్ధమన్న మాట మీ మీద మీరు వేసుకోవద్దు. అలసట మాత్రం నిజం. మూడు నెలలు ఇంకొకరికి అప్పగించి వెనక బెంచీ మీద పిల్లల మధ్య కూర్చోవచ్చు. కొందరు విరామం తీసుకుని తిరిగి రాలేదు, ఆ ప్రమాదం ఉంది. మానకపోతే, ఇష్టంలేని పని చేస్తున్నానన్న కసి పిల్లల మీద పడే ప్రమాదం ఉంది. మీ స్వభావం నాకు ఉత్తరంలో తెలిసినంతవరకు, ఆ గంటసేపు పిల్లల మధ్య ఉండడమే మీకు వారంలో ఊపిరాడే సమయమనిపించింది. అలాగైతే పూర్తిగా మానవద్దు, పాఠం ఇంకొకరు చెబితే పాటలు మీరు చూసుకోండి.

అబ్బాయిని బలవంతంగా చర్చికి లాక్కెళితే వాడి ఒళ్లు వస్తుంది, వాడు రాడు. వాడి ఇష్టానికి వదిలేసి ఊరుకుంటే, అమ్మకు నా ప్రశ్న అక్కరలేదనుకుంటాడు. వాడి ప్రశ్నకు జవాబు తెలిసినట్టు మాట్లాడకుండా, “నేనూ ఇదే అడుగుతున్నాను రా” అని ఒక్కసారి చెప్పి చూడండి. తల్లి కూడా ఊగిపోతోందని వాడు భయపడవచ్చు, కానీ ఇంట్లో తనొక్కడే ఆ ప్రశ్నతో లేడని తెలుస్తుంది. ఇంకో చిన్న సంగతి. వాడు ఒడియా మీడియంలో చదివాడని రాశారు. మన తెలుగు బైబిలు గ్రాంథికం వాడికి సగం అర్థం కాదు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పాటుపడిన ఊళ్లో ఇలా జరగడం నాకు వింతగా ఉంటుంది. యోహాను పదకొండో అధ్యాయాన్ని వాడికి ఒడియాలో ఇవ్వండి, లేదా మీరే మామూలు మాటల్లో కథగా చెప్పండి. ప్రేమ అన్న మాట రెండు భాషల్లోనూ ఒకటే.

అత్తగారితో వాదించవద్దు. ఆ ముసలావిడ ఆ వాక్యాన్ని మీకు చెప్పడం లేదు, కొడుకును పోగొట్టుకుని బతకడానికి రోజూ మందులాగా వేసుకుంటోంది. మీకు రాయిలాగా తగిలే మాట ఆమెకు ఊతకర్ర. వినలేకపోతే పెరట్లోకి వెళ్లడమే మేలు.

పెన్సిలుతో రాసిన ప్రశ్న మిగిలింది. మీ ఆయన జబ్బుపడ్డప్పటి నుంచి పిల్లలు ఆయన కోసం ప్రార్థన చేసేవారని, ఆయన పోయాక కూడా ఒక పాప “టీచర్, మామయ్య కోసం ఇంకా ప్రార్థన చెయ్యాలా, మానెయ్యాలా?” అని అడిగితే జవాబు చెప్పలేక పాట అందుకున్నానని రాశారు. వచ్చే ఆదివారం ఆ పాపను దగ్గరికి పిలిచి, మామయ్య కోసం చేసిన ప్రార్థన ఇప్పుడు టీచరు కోసం చెయ్యమని అడగండి. ఎందుకని అడిగితే, టీచరుకు నిద్ర పట్టడం లేదని చెప్పండి. అంతకంటే చెప్పనక్కరలేదు.